యూరప్‌లో ఎక్స్‌బాక్స్ మళ్లీ నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలి?

మ్యూనిక్_మాధవ్
మా ఊళ్లో నేను తరచూ వెళ్లే పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణంలో మైక్రోసాఫ్ట్ వారి గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కు కేటాయించే చోటు ఏటికేడాది తగ్గిపోతోంది. ఒకప్పుడు గోడ పొడవునా ఆకుపచ్చ అట్టపెట్టెలు పేర్చి ఉండేవి. ఇప్పుడు ప్లేస్టేషన్, నింటెండో అరలు దాటి చివరిదాకా వెళితే, మోకాలి ఎత్తు వరుసలో ఒక సిరీస్ ఎస్ (చౌక రకం ఎక్స్‌బాక్స్) పెట్టె, నాలుగైదు కంట్రోలర్లు, గేమ్ పాస్ (నెల చందాతో గేమ్‌లు ఆడుకునే సేవ) కార్డుల కట్ట కనిపిస్తాయి. కొత్త గేమ్ డిస్కు అడిగితే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టుకోమంటారు.

దీనికి తోడు ధర. 2020 నవంబరులో పెద్ద రకమైన సిరీస్ ఎక్స్ ఇక్కడ 499.99 యూరోలకు వచ్చింది. కన్సోల్ పాతబడే కొద్దీ ధర తగ్గడం మనమందరం చిన్నప్పటి నుంచి చూస్తున్న పద్ధతి. 2025 మే 1న అదే పెట్టె 599.99 యూరోలయింది. 299.99తో మొదలైన సిరీస్ ఎస్ 349.99కు చేరింది. నాలుగున్నరేళ్ల నాటి యంత్రానికి విడుదల నాటి కంటే ఎక్కువ ఇచ్చి కొనమంటే ఎవరు ముందుకు వస్తారు?

నా ప్రశ్న యూరప్ వరకే. అమెరికాలో ఈ బ్రాండుకు ఇంకా పునాది ఉంది, జపాన్‌లో ఎన్నడూ లేదు. యూరప్‌లో మాత్రం ఒకప్పుడు సంపాదించుకుని తర్వాత పోగొట్టుకుంది. పోగొట్టుకున్న చోట తిరిగి సంపాదించుకోవడానికి దారి ఉందా? "మంచి గేమ్‌లు తీస్తే చాలు" అనే ఒక్క వాక్యపు సమాధానం మాత్రం వద్దని మనవి.

లీడ్స్_లక్ష్మణ్
మొదట ఒక సవరణ. యూరప్ అంతటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. రెండో తరం కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 కాలంలో బ్రిటన్‌లో అది ఇంటింటి పేరు. నేను చదువు కోసం ఇక్కడికి వచ్చినప్పుడు మేమున్న ఇంట్లో హాలులో ఉన్నది 360, పక్కింటి కుర్రాళ్ల దగ్గర ఉన్నదీ 360. స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్‌లలో ఆ పరిస్థితి అప్పుడు కూడా లేదు. కాబట్టి బ్రిటన్‌లో "తిరిగి సంపాదించుకోవడం" అనవచ్చు గానీ, దక్షిణ యూరప్‌లో దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టడమే అవుతుంది. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

పాతకన్సోల్
లక్ష్మణ్ గారి మాటకు చరిత్ర తోడు చేస్తాను, ఎందుకంటే ఈ బ్రాండు యూరప్‌లో గెలిచినప్పుడూ ఓడినప్పుడూ కారణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి.

మొదటి ఎక్స్‌బాక్స్ అమెరికాలో 2001 నవంబరులో వచ్చింది. యూరప్‌కు 2002 మార్చి 14న వచ్చింది, అదీ 479 యూరోలకు, బ్రిటన్‌లో 299 పౌండ్లకు. అమ్మకాలు సాగకపోవడంతో ఆరు వారాలు తిరగకుండానే 299 యూరోలకు, 199 పౌండ్లకు దించారు. అప్పటికే కొన్నవారు నొచ్చుకోకుండా ఉండాలని రెండు గేమ్‌లు, ఒక కంట్రోలరు ఉచితంగా ఇచ్చారు. ధర తప్పని తెలియగానే దిద్దుకునే వేగం ఆనాడు వారికి ఉండేది.

360 విషయంలో అసలు పాఠం నేర్చుకున్నారు. అమెరికాలో 2005 నవంబరు 22న, యూరప్‌లో డిసెంబరు 2న విడుదల చేశారు. తేడా పది రోజులే. సోనీ మాత్రం ప్లేస్టేషన్ 3ను జపాన్, అమెరికాలలో 2006 నవంబరులోనే ఇచ్చి, యూరప్‌ను 2007 మార్చి 23 వరకు ఆపింది. ధర 599 యూరోలు. 360 ప్రీమియం 399 యూరోలే. అంటే దాదాపు పదహారు నెలల ముందంజ, రెండు వందల యూరోల తేడా. యూరప్ కొనుగోలుదారు సోనీని గుడ్డిగా ఆరాధించడు అనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ముందుగా వచ్చి, అందుబాటు ధరలో ఉన్నదాన్ని కొన్నాడు.

2013లో ఆ పాఠాన్ని మరిచి, సోనీ చేసిన పొరపాటునే తాము చేశారు. 360 తర్వాత వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ 499 యూరోలు, ప్లేస్టేషన్ 4 అయితే 399.

డబ్లిన్_రమ్య
ధర ఒక్కటే కారణమైతే, సోనీ కూడా పెంచింది కదా? 2022 ఆగస్టులో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో మరోసారి యూరప్‌లో ప్లేస్టేషన్ 5 ధర పెంచారు. అయినా వారి అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. ముందున్నవాడు ధర పెంచితే జనం గొణుక్కుంటూనైనా కొంటారు. వెనకబడినవాడు పెంచితే వెళ్లిపోతారు. కాబట్టి సమస్య ధరకంటే లోతుగా ఉందని నా అభిప్రాయం.

స్వప్న_రోటర్‌డామ్
రమ్య గారు అన్న ఆ లోతు ఎక్కడ మొదలైందో నెదర్లాండ్స్‌లో ఉన్నవారికి బాగా తెలుసు. పాతకన్సోల్ గారు 2013లో ధర మాత్రమే ప్రస్తావించారు. దానికంటే పెద్ద దెబ్బ మరొకటి ఉంది.

ఆ ఏడాది నవంబరు 22న ఎక్స్‌బాక్స్ వన్ 13 దేశాల్లోనే విడుదలైంది. యూరప్‌లో బ్రిటన్, ఐర్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, స్పెయిన్‌లకు దక్కింది. మొదట జాబితాలో ఉన్న నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్, స్విట్జర్లాండ్, రష్యాలను తరువాతి సంవత్సరానికి వాయిదా వేశారు. కన్సోల్‌తో వచ్చే కినెక్ట్ కెమెరా స్వర ఆదేశాలను, ఇతర సేవలను ఆయా భాషలకు, దేశాలకు తగినట్టు సిద్ధం చేయడానికి సమయం కావాలన్నారు. మాకు అది వచ్చేసరికి 2014 సెప్టెంబరు. ప్లేస్టేషన్ 4 అయితే 2013 నవంబరు 29నే వచ్చేసింది.

ఆ తొమ్మిది నెలల్లో జరిగింది కొన్ని లక్షల పెట్టెల నష్టం మాత్రమే కాదు. మా కార్యాలయంలో 360 మీద కలిసి ఆడుకునే బృందం ఒకటి ఉండేది. క్రిస్మస్‌కు ఒకరు ప్లేస్టేషన్ కొన్నారు, ఆయనతో ఆడాలని ఇంకొకరు కొన్నారు, వేసవి వచ్చేసరికి బృందమంతా అటు వెళ్లిపోయింది. ఆ తరం నుంచే ఎక్కువమంది గేమ్‌లను డిజిటల్‌గా కొనడం మొదలుపెట్టారు. కొన్న గేమ్‌లన్నీ ఆ ఖాతాలో ఉండిపోయాయి, స్నేహితుల జాబితా కూడా అక్కడే ఉండిపోయింది. ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు వారెవరూ రెండు కన్సోళ్లను పోల్చి చూడనైనా లేదు. పాత గేమ్‌లు ఆడే పెట్టెనే కొన్నారు.

మ్యూనిక్_మాధవ్
ఇది ముఖ్యమైన విషయం. మాట గుర్తుపట్టే ఒక కెమెరా పరికరం కోసం ఎనిమిది దేశాలను దూరం చేసుకున్నారు. పైగా 2014 జూన్‌లో కినెక్ట్ లేని పెట్టెను 399 యూరోలకు అమ్మడం మొదలుపెట్టారు. అంటే స్వప్న గారి దేశానికి కన్సోల్ చేరేనాటికే, ఆలస్యానికి కారణమైన ఆ వస్తువు తప్పనిసరి కాకుండా పోయింది.

గోదారి_బార్సిలోనా
ఇంతమంది రాశారు గానీ ఫుట్‌బాల్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా కన్సోల్ మీద నడిచేది ఫుట్‌బాల్ గేమే. ప్లేస్టేషన్ 1997 నుంచి ఛాంపియన్స్ లీగ్ ప్రాయోజకుల్లో ఉంది. ఆ లీగ్ చూస్తూ పెరిగిన పిల్లవాడు ఇప్పుడు తన పిల్లలకు కన్సోల్ కొనే వయసుకు వచ్చాడు. వారం మధ్యలో మ్యాచ్ మొదలయ్యే ముందు ప్లేస్టేషన్ నాలుగు గుర్తులు తెరమీద కనబడటం అతనికి ఆటలో భాగమైపోయింది. అదే సమయంలో ఎక్స్‌బాక్స్ తన పేరును చొక్కాల మీద వేయించుకున్న ఫుట్‌బాల్ జట్టు ఏది? సియాటిల్ సౌండర్స్. అంటే మైక్రోసాఫ్ట్ పక్క ఊరి అమెరికన్ జట్టు.

భారతదేశంలో 2006లో 360 తెచ్చినప్పుడు యువరాజ్ సింగ్‌ను ప్రచారకర్తగా పెట్టుకున్నారు. ఏ దేశంలో ఏ ఆట జనం గుండెల్లో ఉందో వారికి తెలియక కాదు. యూరప్‌లో ఆ తెలివిని ఏళ్ల తరబడి, విడవకుండా వాడలేదు.

లీడ్స్_లక్ష్మణ్
గోదారి గారూ, అది ప్రయత్నించి చూశారు. 2013లో యూరప్‌లో ఎక్స్‌బాక్స్ వన్‌ను ముందుగా బుక్ చేసుకున్నవారికి ఫిఫా 14 ఫుట్‌బాల్ గేమ్ ఉచితమని ప్రకటించారు. ఫలితం మనకు తెలిసిందే. సెగా కంపెనీ సంగతి చూడండి: తన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ కోసం లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ చొక్కాల మీద చోటునే కొనుక్కుంది. 2001 మార్చిలో ఆ కన్సోల్ తయారీయే ఆగిపోయింది, చొక్కాల మీద పేరు మాత్రం 2002 వరకు కొనసాగింది. ప్రచారంతో పేరు తెలుస్తుంది గానీ, అమ్మకాలు నిలబడతాయన్న హామీ లేదు.

గోదారి_బార్సిలోనా
ఒక్క గేమ్‌ను ఒక్క పండగకు ఉచితంగా ఇవ్వడం, పాతికేళ్లకు పైగా ఒకే లీగ్‌ను అంటిపెట్టుకుని ఉండటం ఒకటి కాదు. నేను అడుగుతున్నది రెండోదాన్ని. గేమ్ పాస్‌లో పై శ్రేణి అయిన అల్టిమేట్‌లో, ఫుట్‌బాల్ గేమ్ తీసే ఈఏ సంస్థ చందా సేవ ఈఏ ప్లే కలిసే ఉంది, కానీ కొత్త ఫుట్‌బాల్ గేమ్ అందులోకి చేరేది విడుదలైన కొన్ని నెలల తర్వాతే. సీజన్ ముగింపుకు వచ్చాక ఎవరికి కావాలి? ఈఏతో ఒప్పందం చేసుకుని, యూరప్ చందాదారులకు దాన్ని సెప్టెంబరులోనే మొదటి రోజున ఇస్తే, ఒక్క స్పెయిన్‌లోనే ఎంత మార్పు వస్తుందో ఆలోచించండి.

డబ్లిన్_రమ్య
ఆ ఆలోచన బాగుంది, ఖర్చు మాత్రం భయంకరంగా ఉంటుంది. ఇప్పటికే 2025 అక్టోబరులో అల్టిమేట్ నెల చందాను 17.99 యూరోల నుంచి 26.99కు పెంచారు. అప్పటి లెక్కన ఏడాదికి 320 యూరోలు దాటింది. ఐర్లాండ్, జర్మనీ వంటి కొన్ని దేశాల్లో ఆటోమేటిక్‌గా కొనసాగుతున్న పాత చందాదారులకు స్థానిక నిబంధనల వల్ల అప్పట్లో పాత ధరే ఉంచారు. కొత్తగా చేరేవారి సంగతేమిటి? కొత్తవారిని రప్పించుకోవలసిన బ్రాండు కొత్తవారి మీదే భారం మోపింది.

వార్సా_వంశీ
ఇంతవరకు చర్చ అంతా పశ్చిమ యూరప్ చుట్టూనే తిరుగుతోంది. తూర్పు వైపు చూస్తే ఇంకా ఆశ్చర్యపోతారు.

2023 ఫిబ్రవరి చివర్లో మైక్రోసాఫ్ట్ పీసీ గేమ్ పాస్‌ను 40 కొత్త దేశాలకు తెస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాలో రొమేనియా, బల్గేరియా, క్రొయేషియా, స్లొవేనియా, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ఉన్నాయి. ఇవన్నీ అప్పటికే యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలు. అంటే 2023 వరకు వాటిలో ఆ సేవ అధికారికంగా లేదు! బుఖారెస్ట్‌లో నాతో పనిచేసే ఒకాయన ఏళ్ల తరబడి తన ఖాతాను మరో దేశం పేరుమీద తెరిచి, ఆ దేశపు గిఫ్ట్ కార్డులు ఆన్‌లైన్‌లో వెతికి కొని, కోడ్ ఎక్కించుకుని ఆడేవారు. డబ్బు ఇస్తామని వచ్చే మనిషిని ఇంత తిప్పలు పెట్టిన వ్యాపారం మరొకటి నేను చూడలేదు.

ఇక్కడే అవకాశం కూడా ఉంది. బాల్టిక్ దేశాల్లో (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) సోనీ ఆన్‌లైన్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ కూడా అధికారికంగా లేదు. 2024 మేలో తన గేమ్ హెల్‌డైవర్స్ 2 పీసీ ఆటగాళ్లు తప్పనిసరిగా ఆ ఖాతా తెరవాలని సోనీ అన్నప్పుడు, ఖాతా తెరవడానికే వీలులేని దేశాల వారు ఎంత గొడవ చేశారో, సోనీ రోజుల్లోనే ఎలా వెనక్కి తగ్గిందో గుర్తుందా? అదే గేమ్ 2025 ఆగస్టులో ఎక్స్‌బాక్స్‌కు వచ్చింది. పోటీదారు అడుగు పెట్టని చోట స్థానిక కరెన్సీలో దుకాణం, స్థానిక భాషలో సహాయ కేంద్రం, ఊళ్లోనే మరమ్మతు ఏర్పాటు చేయడానికి వేల కోట్లు అక్కరలేదు.

పాతకన్సోల్
బాల్టిక్ దేశాలు మూడూ కలిపినా జనాభా అరవై లక్షల చిల్లర. దానితో యూరప్ లెక్క మారుతుందా?

వార్సా_వంశీ
ఆ మూడింటితోనే మారదు. రొమేనియా, బల్గేరియా, క్రొయేషియా, హంగరీ, చెక్, స్లొవేకియా, పోలండ్ కలిపి చూడండి. ఒక్క పోలండ్‌లోనే మూడున్నర కోట్లకు పైగా జనం ఉన్నారు. ఇక్కడ సోనీ ఏం చేసిందో చెబుతాను: తన సొంత పెద్ద గేమ్‌లకు పోలిష్ నటులతో పూర్తి డబ్బింగ్ చెప్పించింది. పదేళ్ల పిల్లవాడు ఉపశీర్షికలు చదువుతూ ఆడడు. పాత్రలు తన భాషలో మాట్లాడుతుంటే ఆ పెట్టె తనదనుకుంటాడు. ఫోర్జా, ఫేబుల్ వంటి తన సొంత గేమ్‌లకు ప్రతిసారీ, తప్పకుండా ఆ పని చేస్తామని ఎక్స్‌బాక్స్ మాట ఇవ్వాలి.

హైదరాబాదీ_360
వంశీ గారు చెప్పిన వేరే దేశపు ఖాతా బాధ మనకూ తెలిసినదే. యూరప్‌లో వాయిదా పడ్డ దేశాలతో పాటే 2014 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ వన్ భారతదేశానికి వచ్చింది. అప్పటిదాకా ఇక్కడ ఆడాలనుకున్నవారు బయటి దేశాల నుంచి తెప్పించుకున్నారు, వారంటీ మీద ఆశ వదులుకున్నారు.

మ్యూనిక్_మాధవ్
డబ్బింగ్ మాట వచ్చింది కాబట్టి జర్మనీ గురించి ఒకటి చేర్చాలి. 360 అంత బలంగా ఉన్న రోజుల్లో కూడా ఇక్కడ అది బ్రిటన్ స్థాయికి చేరలేదు. అప్పట్లో ఆ కన్సోల్‌కు ముఖచిత్రం లాంటి గేర్స్ ఆఫ్ వార్ మొదటి రెండు భాగాలకు ఇక్కడి వయోపరిమితి సంస్థ ధ్రువీకరణ ఇవ్వలేదు, అవి అధికారికంగా విడుదల కాలేదు. 2011లో మూడో భాగంతో గానీ తలుపు తెరుచుకోలేదు. అమెరికన్ అభిరుచికి తీసిన తుపాకీ గేమ్‌లనే పట్టుకుని యూరప్ మార్కెట్‌లోకి రావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ప్లేస్టేషన్ చేతిలో గ్రాన్ టురిస్మో అనే కారు పందేల గేమ్ ఉంది. కార్లంటే ప్రాణమిచ్చే దేశంలో దేనికి ఆదరణ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

స్వప్న_రోటర్‌డామ్
గ్రాన్ టురిస్మో ఒక్కటే కాదు. 2004లో సోనీ లండన్ స్టూడియో సింగ్‌స్టార్ తెచ్చింది. రెండు మైకులు, టీవీ ముందు పాట. జర్మనీకి జర్మన్ పాటలు, స్పెయిన్‌కు స్పానిష్ పాటలు, నార్వేకు నార్వేజియన్ పాటలు వేరు వేరుగా డిస్కుల్లో వచ్చాయి. కన్సోల్ ముఖం చూడని అమ్మలూ అక్కలూ దానివల్లే ఇంట్లోకి రానిచ్చారు. ఇటువంటి గేమ్‌లు యూరప్‌లో కూర్చుని, యూరప్ ఇళ్లను చూసి తీసినవి.

లీడ్స్_లక్ష్మణ్
అసలు బాధ ఏమిటంటే, యూరప్‌లో గేమ్‌లు తీసే గొప్ప స్టూడియోలు మైక్రోసాఫ్ట్ దగ్గర తక్కువేమీ లేవు. లెస్టర్‌షైర్‌లోని ట్వైక్రాస్‌లో రేర్, లెమింగ్టన్ స్పాలో ప్లేగ్రౌండ్, కేంబ్రిడ్జ్‌లో నింజా థియరీ, స్టాక్‌హోమ్‌లో మోజాంగ్, ఉప్సలాలో మెషీన్‌గేమ్స్, లియోన్‌లో ఆర్కేన్. ఒక్క మోజాంగ్‌కే 2014లో 250 కోట్ల డాలర్లు పెట్టారు. ప్లేగ్రౌండ్ తీసిన కారు పందేల గేమ్ ఫోర్జా హొరైజన్ 2లో దక్షిణ ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ, నాలుగో భాగంలో ఎడిన్‌బరో వీధులతో సహా బ్రిటన్ ఉన్నాయి. నాలుగో భాగంలో రుతువులు మారుతుంటే మంచు కప్పిన పల్లె దారుల్లో రాతి గోడల పక్కనుంచి బండి నడిపిన అనుభవం, నేను వారాంతాల్లో నిజంగా వెళ్లే యార్క్‌షైర్ దారులకు ఎంత దగ్గరగా ఉందో మాటల్లో చెప్పలేను.

అటువంటి చేతులున్న సంస్థ 2016లో గిల్‌ఫర్డ్‌లోని లయన్‌హెడ్‌ను, డెన్మార్క్‌లోని ప్రెస్ ప్లేను మూసివేసే నిర్ణయాన్ని ఒకే రోజు చెప్పింది. 2025 జులైలో రేర్ ఏళ్లుగా మలుస్తున్న ఎవర్‌వైల్డ్ గేమ్‌ను రద్దు చేసింది. ఇక్కడి ఆటగాడికి ఇక్కడి స్టూడియో మీద అభిమానం కలిగేలోపే దాని కథ ముగుస్తోంది.

డబ్లిన్_రమ్య
ఆ స్టూడియోల గేమ్‌లు ఇప్పుడు ప్లేస్టేషన్‌లోనే దొరుకుతున్నాయి కదా, లక్ష్మణ్ గారూ. సీ ఆఫ్ థీవ్స్ 2024లో వెళ్లింది. ఇండియానా జోన్స్, ఫోర్జా హొరైజన్ 5 రెండూ 2025 ఏప్రిల్‌లో వెళ్లాయి. మా అబ్బాయికి కన్సోల్ కొనేటప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది: ఒక పెట్టె కొంటే రెండు సంస్థల గేమ్‌లూ వస్తాయి, ఇంకొకటి కొంటే ఒక సంస్థ గేమ్‌లే వస్తాయి. వాడి తరగతిలో స్నేహితులందరి దగ్గరా మొదటిదే ఉంది. ఇక ఆలోచించడానికి ఏముంది?

గుంటూరు_జాయ్‌స్టిక్
రమ్య గారు ఒక్క పేరాలో మైక్రోసాఫ్ట్ సమస్యంతా చెప్పేశారు. నా అభిప్రాయంలో దీనికి ఒకే పరిష్కారం: సొంత గేమ్‌లను కనీసం రెండేళ్లు తమ దగ్గరే ఉంచుకోవాలి.

పాతకన్సోల్
జాయ్‌స్టిక్ గారూ, ఆ దారి మూసుకుపోయిందని నేననుకుంటున్నాను. కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్‌లు తీసే యాక్టివిజన్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ కొనుగోలుకు అనుమతి తెచ్చుకోవడానికే బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ నియంత్రణ సంస్థకు క్లౌడ్ సేవలపై (ఇంటర్నెట్ ద్వారా గేమ్ ఆడించడం) హామీలు ఇచ్చారు, లండన్‌లోని బ్రిటన్ నియంత్రణ సంస్థ కోసం క్లౌడ్ హక్కులను యూబీసాఫ్ట్ అనే మరో గేమ్ కంపెనీకి వదులుకున్నారు. కాల్ ఆఫ్ డ్యూటీని ప్లేస్టేషన్‌లో కొనసాగిస్తామని సోనీతో ఒప్పందమూ చేసుకున్నారు. అంత డబ్బు వెనక్కి రావాలంటే అందరికీ అమ్మాల్సిందే. గేమ్‌లను దాచుకుని గెలిచే రోజులు వారికి మళ్లీ రావు. గేమ్ ఎక్కడైనా దొరుకుతున్నప్పుడు ఈ పెట్టెలోనే ఆడటం వల్ల అదనంగా దక్కేదేమిటో చూపించాలి.

గుంటూరు_జాయ్‌స్టిక్
అదనంగా ఏం దక్కుతుంది మరి?

పాతకన్సోల్
నాకు తోచినంతలో పాత గేమ్‌లు. 2015 నుంచి 2021 దాకా వారు 360, మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్‌లను కొత్త యంత్రాల్లో ఆడించడానికి చేసిన కృషికి సోనీ దగ్గర సాటి లేదు. నా అరలోని పాత 360 డిస్కు సిరీస్ ఎక్స్‌లో పెడితే, మొదటిసారి ఆడిన నాటికంటే స్పష్టంగా, త్వరగా నడుస్తుంది. కానీ ఈ గుణాన్ని తామే వదిలేస్తున్నారు. సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. 2024లో డిస్కు లేని సిరీస్ ఎక్స్ కూడా తెచ్చారు. నింజా థియరీ గేమ్ హెల్‌బ్లేడ్ 2 డిస్కు రూపం లేకుండానే విడుదలైంది.

మ్యూనిక్_మాధవ్
డిస్కు విషయం జర్మనీలో చాలా పెద్దది. మా ఇంటి దగ్గర పాత గేమ్‌లు కొని అమ్మే చిన్న దుకాణం ఉంది. శనివారం ఉదయం తండ్రులు పిల్లలతో వస్తారు. ఆడేసిన డిస్కులు బల్ల మీద పెడతారు, దుకాణదారు ఒక్కోదాన్ని వెలుతురు వైపు వంచి గీతలున్నాయేమో చూసి, వెనక పెన్సిలుతో ధర వేస్తాడు. ఆ డబ్బుకు కొంత కలిపి వేరే గేమ్ తీసుకువెళతారు. ఈ బేరంలో ప్లేస్టేషన్ గేమ్‌ల నీలం రంగు పెట్టెలు చేతులు మారుతూనే ఉంటాయి. ఎక్స్‌బాక్స్ గేమ్‌ల ఆకుపచ్చ పెట్టెలను ఆయన ఇప్పుడు ఒక అట్టపెట్టెలో వేసి బల్ల కింద పెట్టాడు. డిస్కు లేని కన్సోల్ కొన్నవాడికి ఈ దుకాణంతో పనే ఉండదు, దుకాణదారుకు ఆ కన్సోల్‌ను సిఫారసు చేయవలసిన అవసరమూ ఉండదు. ఆన్‌లైన్ దుకాణాన్ని నమ్ముకుని వీధిలో తమ గురించి నాలుగు మంచి మాటలు చెప్పే మనిషిని పోగొట్టుకున్నారు.

స్వప్న_రోటర్‌డామ్
మాధవ్ గారు ఇంత వివరంగా రాస్తే నాకు ఆ దుకాణానికి రావాలనిపిస్తోంది. బల్ల కింది అట్టపెట్టె నాకోసం ఉంచమనండి.

గోదారి_బార్సిలోనా
ధర గురించి ఎవరూ పరిష్కారం చెప్పలేదు కాబట్టి నేను అడుగుతాను. ఎక్స్‌బాక్స్ ఆల్ యాక్సెస్ అని నెలసరి వాయిదాల పథకం ఉండేది. దాని సంగతేమిటి?

లీడ్స్_లక్ష్మణ్
2020లో బ్రిటన్‌లో సిరీస్ ఎస్‌కు నెలకు 20.99 పౌండ్లు, సిరీస్ ఎక్స్‌కు 28.99 పౌండ్లు, 24 నెలలు. కన్సోల్, గేమ్ పాస్ అల్టిమేట్ రెండూ అందులోనే, వడ్డీ లేదు. నా స్నేహితులు కొందరు అలా కొన్నారు. మంచి పథకమే. కానీ ఆ ఏడాది ప్రకటించిన 12 దేశాల జాబితాలో యూరప్ నుంచి బ్రిటన్, ఫ్రాన్స్, పోలండ్, డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ ఉన్నాయి. జర్మనీ, ఇటలీ, స్పెయిన్ లేవు.

గోదారి_బార్సిలోనా
అంటే ఈ బ్రాండు బలహీనంగా ఉన్న మూడు పెద్ద మార్కెట్లకు ఆ పథకం ఇవ్వలేదన్నమాట. ఇక్కడి ఫోన్ కంపెనీలు ఇంటర్నెట్ బిల్లులో టీవీ, ట్యాబ్లెట్ కలిపి నెలవారీగా ఇవ్వడం మామూలే. ఆ బిల్లులోనే సిరీస్ ఎస్ చేరిస్తే ఒక్కసారిగా 350 యూరోలు పెట్టలేని ఇళ్లకు చేరుతుంది. కొత్త తరం వచ్చేదాకా ఆగకుండా రేపే చేయదగిన పని ఇది.

డబ్లిన్_రమ్య
ఇంకొకటి కూడా రేపే చేయవచ్చు. పిల్లలు ఇష్టపడే మైన్‌క్రాఫ్ట్ గేమ్ వారిదే. ఏడెనిమిదేళ్ల పిల్లలకు మొదటి కన్సోల్ కొనే తల్లిదండ్రులు చూసేది గ్రాఫిక్స్ కాదు. పిల్లవాడు ఏం ఆడతాడు, ఎంత ఖర్చవుతుంది, తెలియని మనుషులతో మాట్లాడకుండా ఆపగలమా అన్నవే చూస్తారు. ఫోన్‌లోంచే పిల్లల సమయాన్ని, స్నేహితుల జాబితాను, కొనుగోళ్లను అదుపు చేసే ఎక్స్‌బాక్స్ కుటుంబ యాప్ చాలా బాగుంది. దాని గురించి నాకు తోటి తల్లి ఒకరు చెప్పారు గానీ, ఒక్క ప్రకటనలో కూడా చూడలేదు. సిరీస్ ఎస్, మైన్‌క్రాఫ్ట్, ఆ యాప్ మూడూ కలిపి, 250 యూరోల లోపు, బడులు తెరిచే ముందు యూరప్ అంతటా పెడితే నేను మరో నలుగురికి చెబుతాను. పిల్లల్లో పేరున్న మరో గేమ్ రోబ్లాక్స్ 2015 నుంచి 2023 దాకా వారి కన్సోళ్లలోనే ఉండి, ప్లేస్టేషన్‌లో లేదు. ఆ ఎనిమిదేళ్లలో పిల్లలున్న ఇళ్లకు ఆ మాట గట్టిగా చెప్పనేలేదు.

గుంటూరు_జాయ్‌స్టిక్
పిల్లల కన్సోల్ అన్న పేరు నింటెండోకు ఎప్పుడో స్థిరపడింది. అక్కడ పోటీకి దిగితే రెండు వైపులా దెబ్బ తింటారు.

డబ్లిన్_రమ్య
నింటెండో గేమ్‌లు ఏళ్లు గడిచినా ధర దిగవు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది పెద్ద ఖర్చు. పోటీకి చోటు అక్కడే ఉంది.

వార్సా_వంశీ
తరువాతి తరం గురించి కూడా మాట్లాడుకోవాలి. 2025 జూన్‌లో చిప్‌లు చేసే ఏఎండీతో కలిసి కొత్త యంత్రాలు తయారు చేస్తున్నామని చెబుతూ, అవి ఒకే ఆన్‌లైన్ గేమ్ దుకాణానికి కట్టుబడి ఉండవని అప్పటి ఎక్స్‌బాక్స్ అధ్యక్షురాలు సారా బాండ్ అన్నారు. అంటే పీసీ దుకాణాల్లో కొన్న గేమ్‌లు కూడా టీవీ ముందు ఆడుకునే అవకాశం వస్తుందన్నమాట. పోలండ్ మొదలు రొమేనియా దాకా ఈ ప్రాంతమంతా పీసీ ఆటగాళ్లది. ఇక్కడ ప్రతివాడికీ పదేళ్ల పీసీ గేమ్‌ల ఖాతా ఉంది. స్వప్న గారు చెప్పిన ఖాతా సంకెల ఉంది చూశారా, అదే ఇక్కడ ఎక్స్‌బాక్స్‌కు అనుకూలంగా మారుతుంది. పాత గేమ్‌లన్నిటితో సహా కొత్త కన్సోల్‌లోకి రమ్మని పిలవవచ్చు.

లీడ్స్_లక్ష్మణ్
ధర ఎంతుంటుందో చూడాలి. ఆ దిశలో మొదటి అడుగైన ఎక్స్‌బాక్స్ ఆలై చేతి యంత్రం 2025 అక్టోబరులో యూరప్‌లో 599, 899 యూరోలకు వచ్చింది. కొత్త కన్సోల్ కూడా ఆ స్థాయిలో ఉంటే ఉత్సాహవంతులు కొంటారు గానీ గోదారి గారి వీధిలో ఫుట్‌బాల్ ఆడేవారు కొనరు.

వార్సా_వంశీ
అందుకే రెండు పెట్టెలు కావాలి. సిరీస్ ఎస్ వంటి చౌక పెట్టెను వదిలిపెట్టకూడదు. తూర్పు యూరప్ జీతాలకు అదే తగినది.

స్వప్న_రోటర్‌డామ్
నేనైతే వారినుంచి విడుదల రోజున ఒకే ఒక్క కాగితం ఆశిస్తాను: దేశాల జాబితా. అందులో యూరోపియన్ యూనియన్ లోని 27 దేశాలు, బ్రిటన్, నార్వే, స్విట్జర్లాండ్ అన్నీ ఒకే తేదీ కింద ఉండాలి. ప్రతి దేశం పక్కన దుకాణం కరెన్సీ, మెను భాష, డబ్బింగ్ భాష, మరమ్మతు కేంద్రం రాసి ఉండాలి. ఏదైనా ఒక సౌకర్యం సిద్ధంగా లేకపోతే, ఆ సౌకర్యాన్ని తర్వాత ఇవ్వాలి గానీ పెట్టెను ఆపకూడదు.

మ్యూనిక్_మాధవ్
ఆ కాగితంలో నేను ఇంకో గడి చేరుస్తాను: డిస్కు. లోపల పెట్టకపోయినా, విడిగా కొనుక్కుని తగిలించుకునే డిస్కు డ్రైవు మొదటి రోజునే దుకాణాల్లో ఉండాలి. సోనీ ఆ పని 2023లోనే చేసింది. 360 కాలం నుంచి డిస్కులు దాచుకున్నవారు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. వారి అరలోని గేమ్‌లు కొత్త యంత్రంలో నడుస్తాయని పెట్టె మీదే జర్మన్‌లో రాస్తే, మా దుకాణదారు బల్ల కింది సరుకును పైకి తీయడానికి అది చాలు.

గోదారి_బార్సిలోనా
ఫుట్‌బాల్ గడి నేను వదలను. సెప్టెంబరు, మొదటి రోజు, చందాలోనే.

పాతకన్సోల్
స్వప్న గారి జాబితాకు నా ఓటు. దానితోపాటు ధర యూరోల్లో, ఆ ధర ఎన్నాళ్లు మారదో తేదీతో సహా ముందే ప్రకటించాలి. 2025లో రెండు కంపెనీలూ ధర పెంచిన తర్వాత, కనీసం రెండేళ్లు పెంచబోమని ఎవరు మొదట మాట ఇస్తే వారి అర ముందు జనం ఆగుతారు.